గంజి పెట్టిన దయ్యం: మూడేళ్ళ బాబుతో మా హాలోవీన్ డైరీ

అక్టోబర్ 13, 2024, ఆదివారం

నిన్నటితో దసరా అయిపోయింది. పొద్దున్న నేనూ అత్తయ్యా కూర్చుని కొలువు బొమ్మల్ని ఒక్కొక్కటీ పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టెలో సర్దాం. మధ్యాహ్నం సరుకులకని అందరం బయటికి వెళ్ళాం. ఓ పెద్ద దుకాణంలో గుమ్మం దగ్గరే 12 అడుగుల అస్థిపంజరం, దాని పక్కన ఓ మంత్రగత్తె బొమ్మ పెట్టారు. ఎవరైనా దగ్గరికి వెళ్తే చాలు, దాని కళ్ళు ఎర్రగా వెలుగుతాయి, పెద్దగా నవ్వుతుంది. బాబు సరిగ్గా దాని ముందుకే వెళ్ళి నిలబడ్డాడు. ఆ తర్వాత ఇంటికి వచ్చేదాకా నా మెడ వదల్లేదు. రాత్రి మూడుసార్లు లేచి ఏడ్చాడు.

మేం ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. నెలాఖరున హాలోవీన్, పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని మిఠాయిల కోసం ఇంటింటికీ తిరిగే పండగ. అందుకే ఈ నెలంతా ఏ వీధిలో చూసినా దయ్యాలూ పుర్రెలే. డేకేర్‌కి రోజూ ఆ ఇళ్ళ ముందు నుంచే వెళ్ళాలి. వాణ్ణి ఎక్కడని దాచను? పాపకేమో ఐదున్నరేళ్ళు. కిండర్‌గార్టెన్‌లో అందరి ఇళ్ళల్లో అలంకరణలు పెట్టేశారట, మన ఇంటికి ఎప్పుడు పెడతామని వారం నుంచీ అడుగుతోంది. పైగా ఈసారి హాలోవీన్, దీపావళి రెండూ ఒకే రోజు వచ్చాయి, 31 గురువారం.

రాత్రి వాడు మళ్ళీ నిద్రపోయాక ఒకటి అనుకున్నాను. ఈ ఏడాది కొన్న దయ్యం ఒక్కటి కూడా మా గుమ్మంలోకి రాదు. ఏం పెట్టినా పిల్లలే చేయాలి, ప్రతి బొమ్మ మీదా బాబు చెయ్యి పడాలి. అట్టముక్క దయ్యం ఎలా అయిందో తన కళ్ళతో చూస్తే, ఆ దయ్యం వాడిని ఏం చేస్తుంది? సాయంత్రం స్నానాలకు ముందు ఇరవై నిమిషాలు, అంతే. మూడేళ్ళ పిల్లాడు అంతకంటే కూర్చోడు.

అక్టోబర్ 15, మంగళవారం

పేపర్ ప్లేట్ సాలీడు. మొదటి రోజు కాబట్టి భయం లేనిదే ఎంచుకున్నాను.

ప్లేటు బోర్లించి నల్లరంగు వేయాలి. నీళ్ళతో కడిగితే పోయే రంగే వాడాం. బ్రష్ ఇస్తే బాబు గోడకి కూడా వేస్తాడు, అందుకే స్పాంజి ముక్కని బట్టల క్లిప్పుకి పట్టించి ఇచ్చాను. క్లిప్పు పట్టుకుని అద్దడం వాడికి బాగా కుదిరింది, చెయ్యీ నల్లబడలేదు. ప్లేటు ఆరడానికి గంట పట్టింది. ఆ గంటలో వాడు ఆరుసార్లు వెళ్ళి ముట్టుకు చూశాడు. రేపటి నుంచి రంగు పని ఒకరోజు, అతికించే పని మర్నాడు పెట్టుకోవాలి.

కాళ్ళకి నల్ల చార్ట్ పేపర్‌ని అంగుళం వెడల్పు పట్టీలుగా కోశాను. పాప వాటిని విసనకర్ర మడతలు వేసింది. మడత పెట్టడం బాబుకి ఇంకా రాదు, గ్లూ స్టిక్ రాసి అతికించడం వాడి పని. సాలీడుకి ఎనిమిదే కాళ్ళని పాప గట్టిగానే చెప్పింది. వాడు మాత్రం ఉన్న పట్టీలన్నీ అతికించేశాడు, మొత్తం పదకొండు. పాప ఊడబీకబోతే ఆపాను. తనది తను విడిగా ఎనిమిది కాళ్ళతో చేసుకుంది.

కళ్ళకి మాత్రం జాగ్రత్త. ఇక్కడ క్రాఫ్ట్ దుకాణాల్లో కదిలే ప్లాస్టిక్ కళ్ళు దొరుకుతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ మా బాబు ఇప్పటికీ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. తెల్లటి గుండ్రటి స్టిక్కర్లు అతికించి, వాటి మీద మార్కర్‌తో చుక్క పెట్టించాను.

దారం కట్టి వంటింటి గుమ్మానికి వేలాడదీశాం. పడుకునే ముందు బాబు వచ్చి దానికి గుడ్‌నైట్ చెప్పాడు. దాని పేరు సాలీడు మామయ్య అట.

అక్టోబర్ 17, గురువారం

టాయిలెట్ పేపర్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టాలతో మమ్మీలు, అంటే గుడ్డ పట్టీలు చుట్టిన ఈజిప్టు శవాల బొమ్మలు. తెల్లటి క్రేప్ కాగితం పట్టీ చుట్టబోతే బాబు లాగినప్పుడల్లా చిరిగిపోయింది. మందుల డబ్బాలోంచి గాజుగుడ్డ చుట్ట తీసిచ్చాను. అది సాగుతుంది, దేనికది పట్టుకుని ఉంటుంది, జిగురు కూడా పెద్దగా అక్కర్లేదు. ఐదు చేశాం. వాడు ఒక్కో మమ్మీ కడుపులో ఒక్కో బొమ్మ కారు దాచాడు. పావుగంటలో పని అయిపోయింది.

అక్టోబర్ 19, శనివారం

క్రాన్‌బరీ అనే ఊరి వైపు ఓ పొలానికి వెళ్ళాం గుమ్మడికాయలకి. ట్రాక్టర్ వెనక గడ్డిమోపుల బండి మీద కూర్చోబెట్టి తోటలోకి తీసుకెళ్ళారు. చక్రాల కింద దుమ్ము లేస్తూనే ఉంది. ఈ నెలలో ఇప్పటిదాకా వాన పడనే లేదు, నేలంతా పగుళ్ళిచ్చింది.

పిల్లల చేత బొమ్మలు చేయించేవాళ్ళకి ఉపయోగపడే మాట ఒకటి. చెక్కడానికి అమ్మే పెద్ద నారింజ కాయ వేరు, వండుకునే చిన్న కాయ వేరు. పెద్దదాంట్లో నీరూ పీచూ ఎక్కువ, కూరకి చప్పగా ఉంటుంది. చిన్నదాన్ని ఇక్కడ 'పై పంప్కిన్', 'షుగర్ పంప్కిన్' అంటారు, అది తియ్యగా ఉంటుంది. పెద్దవి మూడు, చిన్నది ఒకటి తీసుకున్నాం. కాయ ఎంచేటప్పుడు తొడిమ గట్టిగా, పచ్చగా ఉందో లేదో చూడాలి. అడుగున మెత్తబడిందేమో నొక్కి చూడాలి. తొడిమ పట్టుకుని మాత్రం ఎత్తకూడదు. అది ఊడిందంటే కాయ అక్కడి నుంచే కుళ్ళడం మొదలవుతుంది.

వీటికి మొహాలు చెక్కి దీపం పెడతారని చెప్పాను అత్తయ్యకి. ఈ ఆచారం ఐర్లండ్ నుంచి వచ్చిందనీ, అక్కడ టర్నిప్ దుంపల్ని తొలిచేవారనీ, అక్కడివాళ్ళు అమెరికా వచ్చాక గుమ్మడికాయ దొరికిందనీ కూడా చెప్పాను. అత్తయ్య శ్రద్ధగా విని, "ఇందులో కొత్తేముందమ్మాయ్? మన గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయకి కళ్ళూ మీసాలూ గీయమూ?" అన్నారు.

బాబు వెంటనే అందుకున్నాడు. "ఎందుకు గీస్తారు నానమ్మా?"

"ఇంటికి దిష్టి తగలకుండా. చెడు ఏదొచ్చినా ఆ మొహం చూసి బయటి నుంచి బయటికే పారిపోవాలి. ఆ మొహం మన పక్షం నాన్నా."

ఇంటికొచ్చే దారంతా వాడు కారులో ఇదే అడిగాడు. మరి ఆ దుకాణంలో బొమ్మ? అది ఎవరి పక్షం? అది దుకాణం వాళ్ళ పక్షం, దొంగలు రాకుండా చూస్తుందని చెప్పారు అత్తయ్య. వారం రోజులుగా నేను వెతుకుతున్న జవాబు అది.

అక్టోబర్ 20, ఆదివారం

అసలు పని ఇవాళ మొదలైంది, నిలబడే దయ్యం. ఇక్కడ పలచటి గుడ్డని జిగురు నీళ్ళలోనో, స్టార్చ్‌లోనో ముంచి సీసా మీద కప్పుతారు. ఆరాక సీసా తీసేస్తే గుడ్డ దయ్యంలా గట్టిగా నిలబడిపోతుంది. స్టార్చ్ కొందామని నేను చెప్తుంటే అత్తయ్య ఆశ్చర్యపోయారు. "నలభై ఏళ్ళు నేతచీరలకి గంజి పెట్టాను, ఇంట్లో బియ్యం పెట్టుకుని గంజి కొంటావా?" అన్నారు.

మధ్యాహ్నం అన్నం వార్చిన గంజి గిన్నెలోకి తీసి చల్లార్చాం. సీసా మీద చిన్న బెలూన్ ఊది టేపుతో అంటించాం, అది తల. చేతులకి తీగ వంచి సీసాకి కట్టాం. పాత మల్లు పంచె చింపిన ముక్క, మూరెడు చదరం. గుడ్డని గంజిలో ముంచి పిసికే పని బాబుది. వాడు ఇంతసేపు ఒకే పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. మోచేతుల దాకా గంజి. నేల మీద ముందే పాత దుప్పటి పరిచి ఉంచడం మంచిదైంది.

సాయంత్రానికి ఆరిందనుకుని సీసా తీశాను. దయ్యం కుప్పకూలిపోయింది. బాబు మొహం చిన్నబోయింది. "దయ్యానికి నిద్రొచ్చిందా?" అని అడిగాడు. అవునని చెప్పి, దాన్ని టవల్ మీద పడుకోబెట్టాం.

అక్టోబర్ 22, మంగళవారం

నిన్న రాత్రి అత్తయ్య ఆలోచించి చెప్పారు. చీరకి పెట్టే గంజి పలచన, చీర మడత నిలిస్తే చాలు. ఇది తనంతట తనే నిలబడాలి. ఊళ్ళో గోడలకి సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళు మైదా ఉడికించి జిగురు చేసేవారు, అలాంటిది కావాలి.

ఈసారి అరకప్పు మైదా చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపాం. మరిగే రెండు కప్పుల నీళ్ళలో పోసి, గరిట జారుగా అయ్యేదాకా తిప్పాం. దించాక ఆదివారం మిగిల్చి ఫ్రిజ్‌లో పెట్టిన చిక్కటి గంజి కొంచెం కలిపాం. పూర్తిగా చల్లారాకే బాబుని పిలిచాను. గుడ్డ ముంచి, ఎక్కువైన జిగురు వేళ్ళతో దువ్వి, సీసా మీద కప్పాం. అంచులు నేలకి ఆనేలా పరచాలి, ఆ అంచులే తర్వాత దానికి కాళ్ళు. అడుగున మైనపు కాగితం వేస్తే అంటుకోదు. ఆరడానికి పూర్తిగా రెండు రాత్రులు వదిలేయాలని నిర్ణయించాం. ఫ్యాన్ పెట్టాం.

అక్టోబర్ 24, గురువారం

నిలబడింది!

బెలూన్‌ని సూదితో గుచ్చి, సీసా మెల్లగా కిందికి లాగాను. గుడ్డ చప్పుడు చేస్తూ విడివడింది. లోపల ఏమీ లేదు, దయ్యం మాత్రం చేతులు చాపుకుని నిలబడే ఉంది. బాబు వంగి అడుగు నుంచి లోపలికి చూశాడు. పైనుంచి చూశాడు. చెయ్యి లోపల పెట్టి తిప్పాడు. "ఖాళీ! అమ్మా, దయ్యంలో ఎవరూ లేరు!" అని అరిచాడు. ఆ మాట ఇంట్లో అందరికీ విడివిడిగా వెళ్ళి చెప్పాడు, వాళ్ళ నాన్నకి ఆఫీసుకి ఫోన్ చేయించి మరీ చెప్పాడు.

కళ్ళు నల్ల కాగితంతో గుండ్రంగా. నోరు పెట్టనన్నాడు, నోరుంటే నవ్వుతుందట. సరే, నోరు లేదు.

అక్టోబర్ 25, శుక్రవారం

పాల డబ్బాల దయ్యాలు. మా ఇంట్లో పెరుగుకీ కాఫీకీ వారానికి రెండు గ్యాలన్ల పాలు అవుతాయి, ఖాళీ డబ్బాలకి కొదవ లేదు. వేడి సబ్బునీళ్ళతో రెండుసార్లు కడగాలి, లేకపోతే మూడో రోజుకి వాసన. మొహాలు పిల్లలే మార్కర్‌తో గీశారు. వెనక వైపు చాకుతో చిన్న కన్నం నేను పెట్టి, ఎల్‌ఈడీ దీపాల తీగ లోపలికి దూర్చాను. అడుగున గుప్పెడు గులకరాళ్ళు వేస్తే గాలికి పడవు.

కొవ్వొత్తి ఎక్కడా వాడలేదు. వాన లేక ఆకులన్నీ అప్పడాల్లా ఉన్నాయి, బయట నిప్పు రాజేయడం మీద రాష్ట్రం ఆంక్షలు కూడా పెట్టింది. చిన్న ఎల్‌ఈడీ దీపాల్లో ఇంకో ప్రమాదం ఉంది, అది అందరికీ తెలియాలి. వాటిలో నాణెంలాంటి బటన్ బ్యాటరీ ఉంటుంది. పిల్లలు అది మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. మూతకి స్క్రూ ఉన్నవే కొనాలి, పని అయ్యాక లెక్కపెట్టి పైన పెట్టేయాలి. నేను పన్నెండు కొన్నాను, పన్నెండూ లెక్కపెట్టాను.

అక్టోబర్ 26, శనివారం

పొద్దున్న తలుపు తీసేసరికి ఓ గుమ్మడికాయకి పిడికిలంత కన్నం. ఉడతలు! గింజలు తినేసి తొక్కంతా మెట్ల మీద వదిలాయి. పాప ఏడ్చేసింది, అది తను ఎంచుకున్న కాయ. కారం చల్లితే ఉడతలు రావని చెప్తారు, అత్తయ్య గుంటూరు నుంచి తెచ్చిన కారం డబ్బా చేతికిచ్చారు కూడా. నేను వద్దన్నాను. పిల్లలు రోజుకి పదిసార్లు ఆ కాయల్ని ముట్టుకుంటారు, ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంటారు. రాత్రి కాయలు లోపలికి తెచ్చుకుందాం, ఉదయం బయట పెడదాం. అదే పద్ధతి.

కన్నం పడిన కాయని పాప పారేయనివ్వలేదు. ఆ కన్నం చుట్టూ పెదవులు గీసింది. ఇప్పుడది నోరు తెరిచి పాట పాడుతున్న గుమ్మడికాయ.

రెండో కాయకి బాబుతో ఆకుపచ్చా నీలం కలిసిన టీల్ రంగు వేయించాం. ఇది గుమ్మంలో ఉంటే, ఇక్కడ తిండి కాని బహుమతులు కూడా ఉన్నాయని అర్థం. వేరుశనగ, పాలు, గుడ్లు పడని పిల్లల కోసం టీల్ పంప్కిన్ ప్రాజెక్ట్ పేరుతో 2014 నుంచి దేశమంతా చేస్తున్నారు. పాప క్లాసులో ఓ పిల్లకి వేరుశనగ పడదు. ఆ పిల్ల మా వీధికి వచ్చినా రాకపోయినా, ఆమె కోసం ఓ బుట్ట ఉండాలని పాప పట్టుబట్టింది. స్టిక్కర్లు, పెన్సిళ్ళు, చిన్న గాజులు పెట్టాం. గాజులు అత్తయ్య ఆలోచన.

అక్టోబర్ 27, ఆదివారం

సాలెగూడు. దుకాణాల్లో దూదిలా సాగదీసే గూళ్ళు అమ్ముతారు, వాటిని చెట్ల మీద వేస్తే పిట్టలు చిక్కుకుంటాయి. అందుకే మేం అత్తయ్యకి అప్పగించాం. వాకిట్లో సిమెంటు మీద సుద్దతో నడుమ చుక్క పెట్టి, ఎనిమిది గీతలు బయటికి లాగి, ఒక్కో వరసా వంపుగా కలుపుకుంటూ వచ్చారు. ముగ్గు వేసే చెయ్యి కదా, ఒక్క గీత కూడా వంకర పోలేదు. పక్కింటి అమెరికన్ పెద్దావిడ వచ్చి పావుగంట నిలబడి చూసింది. ఒక మూలన పాప దీపం గీసింది, ఇంకో మూలన బాబు గీసిన సాలీడు మామయ్య, కాళ్ళు లెక్కలేదు.

అక్టోబర్ 29, మంగళవారం

చెక్కడం. ఇంతవరకు ఆగడానికి కారణం ఉంది, చెక్కిన కాయ ఎండ కాస్తే మూడు నాలుగు రోజుల్లోనే బూజు పడుతుంది. ఆడవాళ్ళు గుమ్మడికాయ పగలగొట్టకూడదని అత్తయ్య పట్టింపు, అందుకని మొదటి కత్తి మా ఆయన వేశారు. మూత పైన కాకుండా అడుగున కోశాం. అలా కోస్తే కాయని దీపం మీద బోర్లించేయొచ్చు, పైభాగం లోపలికి కుంగదు. పైనే కోసేవాళ్ళు కత్తిని లోపలికి వాలుగా పట్టుకోవాలి, నిలువుగా కోస్తే మూత లోపలికి పడిపోతుంది.

గుజ్జు తీయడం పిల్లల పని. పాపకి ఆ జిగట నచ్చలేదు, గరిట తెచ్చుకుంది. బాబు రెండు చేతులూ పెట్టేశాడు, గంజి కంటే బాగుందట. మొహం వాడే మార్కర్‌తో గీశాడు, గీసింది గీసినట్టే మా ఆయన కోశారు. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. ముక్కు లేదు. "మీసం," అన్నాడు వాడు. "మన పక్షం కదా, మీసం ఉండాలి." కోయకుండా నల్లరంగుతో మెలి తిరిగిన మీసం దిద్దాం.

గింజలు కడిగి ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, తుడిచి, నూనె, కారం పట్టించి ఓవెన్‌లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పాతిక నిమిషాలు వేయించాను. చిన్న కాయతో రాత్రికి దప్పళం.

అక్టోబర్ 31, గురువారం

ఆరు కాకముందే పొద్దుగూకుతుంది కాబట్టి లక్ష్మీపూజ ఐదుకే మొదలుపెట్టాం. ప్రమిదలు ఇంట్లో దేవుడి ముందు, వంటింటి గట్టు మీద. బయట మెట్ల మీద ఎల్‌ఈడీవి. హారతి ఇస్తుండగానే వీధి తలుపు గంట మొదటిసారి మోగింది. పాప పట్టు పరికిణీ మీదే గబ్బిలం రెక్కలు కట్టుకుని పరిగెత్తింది. మరీ మంచి ఎండ కాసిన రోజు, స్వెట్టర్లు కూడా అక్కర్లేదు, వీధంతా పిల్లలే. కొందరు మాలాగే పూజ మధ్యలోంచి వచ్చినవాళ్ళు, బొట్టుతో ఉన్న సూపర్‌హీరోలు.

బాబు గుమ్మం దాటలేదు. టీల్ బుట్ట పట్టుకుని, గంజి దయ్యం పక్కన పీట మీద కూర్చున్నాడు. దూరంగా అస్థిపంజరం వేషం కనిపిస్తే నా చున్నీ పట్టుకున్నాడు, అది వెళ్ళాక వదిలాడు. అలా రెండుసార్లు.

ఏడు దాటాక వాళ్ళ అమ్మ చంకలో ఓ చిన్న డైనోసార్ వచ్చింది. రెండున్నరేళ్ళు ఉంటాయేమో. మా మెట్ల మీద వెలుగుతున్న మొహాలు చూసి ఏడుపు మొదలుపెట్టింది. బాబు పీట దిగాడు. దయ్యాన్ని రెండు చేతులతో ఎత్తి ఆ పిల్ల ముందుకి తీసుకెళ్ళి, తలకిందులుగా తిప్పి చూపించాడు. "చూడు, ఖాళీ," అన్నాడు తెలుగులోనే. ఆ పిల్ల ఏడుపు ఆపి లోపలికి చూసింది. తర్వాత చెయ్యి పెట్టింది.

నవంబర్ 3, ఆదివారం

ఇక్కడ చలికాలానికని ఏటా గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, అవి నిన్న రాత్రి జరిగాయి, పిల్లలు అయిదుకే లేచారు. చెక్కిన కాయ లోపల అప్పుడే తెల్లగా బూజు, దాన్ని పెరట్లో చెట్టు కింద పాతిపెట్టాం. మీసం మాత్రం చివరిదాకా చెరగలేదు. పాటపాడే కాయని ఉడతలకే ఇచ్చేసింది పాప. పాల డబ్బాలు కడిగి రీసైక్లింగ్‌లో వేశాను. బ్యాటరీ దీపాలు పన్నెండూ లెక్కకి వచ్చాయి. సాలీడు మామయ్య వంటింటి గుమ్మానికే ఉంటాడు.

గంజి దయ్యం ఎక్కడ పెట్టాలో తేలలేదు. మైదా కాబట్టి బయట పెడితే పురుగు పడుతుంది. బాబు చేతిలోంచి వదలట్లేదు. మధ్యాహ్నం అత్తయ్య అటక మీది పెట్టె దింపించారు. పాత వెంకటగిరి చీర ముక్కలో దయ్యాన్ని చుట్టి, రెండు లవంగాలు పడేసి, కొలువు బొమ్మల పక్కన, పెళ్ళికొడుకు పెళ్ళికూతురు బొమ్మల మధ్య పడుకోబెట్టారు. మూత వేసే ముందు బాబు ఇంకోసారి చీర విప్పించి, లోపలికి చూసి, మళ్ళీ చుట్టించాడు.